ఏడో తొట్టి

నల్లరాతి కొండ పగుళ్ళలోంచి
ఊటనీళ్ళు దూకుతుంటాయి ఇక్కడ.
మండు వేసవైనా, మంచు కురిసినా
వాటిది ఒకటే చలి, పదిహేను డిగ్రీలు.
ఐడహోలో బ్యూల్ అనే చిన్న ఊరు.
పొద్దున్నే కారెక్కితే
చీకటి పడ్డాక గాని సముద్రం కనపడదు.

ఈ ట్రౌట్ చేపలేవీ సముద్రం చూడలేదు.
సముద్రమే వాటి దగ్గరికి వచ్చేది,
సంచుల్లో, బూడిదరంగు పిండిగా.
ఎక్కడో పెరూ తీరాన వలకు చిక్కిన చిన్న చేపలు
ఉడికి, నలిగి, ఎండి,
పెద్ద చేపకు ముద్దవడానికి
ఓడలెక్కి, లారీలెక్కి వచ్చేవి.
చేపను పెంచడానికి చేప.
లెక్కలు రాయడమే నా కొలువు,
ఆ లెక్క మాత్రం నాకెప్పుడూ కుదిరేది కాదు.

ఈ ఏడు మేత మార్చాం.
పన్నెండు తొట్లు.
మూడింటికి పాత మేత,
మూడింటికి కోడి ఈకల పిండీ నెత్తురు పొడీ,
ఏడు నుంచి తొమ్మిది దాకా పురుగుల పిండి,
చివరి వాటికి అన్నీ కలేసిన పులగం.

పురుగులంటే నల్ల ఈగ పిల్లలు.
రోడ్డవతల రేకుల షెడ్డులో పెరుగుతాయి,
చిప్స్ ఫ్యాక్టరీ పారేసిన ఆలుగడ్డ తొక్కల మీద,
చీజ్ తీయగా మిగిలిన తేట మీద.
అవి తినే చప్పుడు వినాలి మీరు.
సన్న సెగ మీద ఉలవచారు మరుగుతున్నట్టుంటుంది.
రెక్కలొచ్చాక ఆ ఈగకు తిండి ధ్యాసే లేదు,
కొరికే నోరు కూడా ఉండదు.
తినాల్సిందంతా పసితనంలోనే తినేసి
వారం పాటు వెలుతురులో తిరిగి
గుడ్లు పెట్టి పోతుంది.
మా పెద్దత్త వింటే అనేది,
"అదృష్టవంతురాలు, వంటిల్లు లేదు."

గేలీన్ థోర్‌స్టెడ్
ముప్పై ఒక్కేళ్ళుగా చేత్తోనే మేత చల్లుతోంది.
మేత యంత్రం మీద తన కోటు ఆరేసుకుంటుంది.
నీళ్ళ చప్పుడు చెవిన పడితే చాలట,
కడుపు నిండిందో లేదో తెలిసిపోతుందట.

మొదటి రోజు ఏడో తొట్టిలో గుప్పెడు విసిరింది.
లేచాయి. నోటపట్టాయి.
ఉమ్మేశాయి.
గుళికలు ఒక్కొక్కటే అడుక్కి జారాయి.
గేలీన్ నా వైపు చూడలేదు.
అది నా మీద దయ.

రెండో రోజూ అంతే.
మూడో రోజు, ఏమీ తోచక,
ఆకివీడు చెరువుల సంగతి చెప్పాను.
వెదురు గెడలకు వేలాడే చిల్లుల సంచులు,
వాటిలో తవుడూ వేరుశనగ చెక్కా,
కింది నుంచి వచ్చి మూతితో పొడిచే
శీలావతులూ బొచ్చెలూ.
ఎవరూ విసరరు, ఎవరూ పిలవరు,
సంచి తేలికైతే ఆకలి తీరినట్టు.
ఆమె చేతి తొడుగు తీసి, విని,
"ఓహో, అక్కడ అడిగేది చేపలన్నమాట" అంది.
ఆ తరవాత గుప్పెడు మానేసి
చిటికెడు వేసింది. ఆగింది.
మళ్ళీ చిటికెడు.

ఐదో రోజు నీళ్ళు పెనం మీద నూనెలా చిటపటలాడాయి.

పన్నెండు వారాలు.
తూకంలో ఏడో తొట్టి చేప, పాత మేత చేప కన్నా
నాలుగు గ్రాములు తక్కువ.
మొక్కజొన్న పిండి అద్ది ఇనుప పెనంలో వేయించి
రెండు పళ్ళేల్లో పెట్టి, చీటీలు బోర్లించాను.
గేలీన్ ఇందులో కొంత అందులో కొంత తిని
ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టి
"ఉప్పు తక్కువైంది" అంది, రెండింటికీ.

నివేదికలో నాలుగు గ్రాములూ రాశాను.
ఉప్పు రాయడానికి గడి లేదు,
ఆగడం రాయడానికీ లేదు.

ఇంటికి బయల్దేరేసరికి
కారు అద్దానికి లోపలి నుంచి ఒక నల్ల ఈగ.
షెడ్డులోంచి నా చొక్కా పట్టుకొని వచ్చి ఉంటుంది.
దానికి నేను పెట్టగలిగిందేమీ లేదు.
అద్దం దించాను.